ఈ వాక్యానికి కర్త ఎవరు?

దినచర్య 611

ఈ రోజు నూకరత్నాన్ని సాగనంపారు.

మా ఎండవాడలో ఆ మాటను రెండు చోట్లే వాడతాం. పిల్లను అత్తారింటికి పంపేటప్పుడు ఒకటి, మనిషిని నలుగురి భుజాల మీద పంపేటప్పుడు రెండు. చలువనగర విద్యాపీఠం వాళ్లు మూడోది కనిపెట్టారు. కలివిడి నలభై కంటే తగ్గిన విద్యార్థికి పలక మీద ఉత్తరం వస్తుంది. "మీ మేలు కోరి, మీకు సరిపడే వాతావరణానికి మిమ్మల్ని సాగనంపుతున్నాం" అని. మర్నాడు మధ్యాహ్నం పన్నెండింటికి గాజు తలుపు తెరుస్తారు. చేతికి ఒక నీళ్ల సీసా ఇస్తారు. తలుపు అవతల ఎండ యాభై నాలుగు డిగ్రీలుంటుంది.

నూకరత్నం నా గదిలో ఉండేది. మాది ఒకే వాడ, ఒకే వరస ఇళ్లు. మా అమ్మలిద్దరూ ఈ నగరం మీదున్న గాజు కప్పు తుడిచే పనిలో ఉన్నారు. తరగతిలో తల పైకెత్తితే గాజు అవతల వాళ్ల పాదాలు కనిపిస్తాయి. వాళ్లు ఒక్క రోజు పని మానితే కింద పట్టపగలు దీపాలు పెట్టుకోవాలి. ఆ సంగతి లోపల ఎవరికీ గుర్తుండదు.

ఎండవాడ పిల్లలకిచ్చే బయటి సీట్లలో చేరినవాళ్లం ప్రతి సాయంత్రం పలక మీద దినచర్య రాయాలి. పరామర్శ అనే యంత్రం దాన్ని చదివి, మేమిక్కడ ఎంతవరకు కలిసిపోయామో నూటికి ఒక అంకె వేస్తుంది. దాన్నే కలివిడి అంటారు. నూకరత్నానికి అబద్ధం రాయడం చేతకాదు. "నా పక్క బల్ల ఏడాదిన్నరగా ఖాళీగానే ఉంది. అందరూ నన్ను చూసి నవ్వుతారు, ఎవరూ వచ్చి కూర్చోరు. నేనిక్కడ ఇమడలేకపోతున్నాను" అని రాసింది. ముప్ఫై ఎనిమిది వచ్చింది.

తలుపు దగ్గర అది ఏడవలేదు. తలగుడ్డ బిగించి కట్టుకుని, "మాయమ్మకి నాను సెప్పుకుంటానులే. నువ్వు మాత్రం సదువు ఆపీకు పైడితల్లీ" అని వెళ్లిపోయింది.

ఆదరణ కేంద్రం అధిపతి ఆచార్య హితేంద్ర గారు పక్కనే నిలబడి చెయ్యి ఊపారు. నేను ఆయన ముందుకెళ్లి "సిగ్గు లేదా మీకు" అన్నాను. ఆయన చెవిపోగు నా మాటను మెత్తగా చేసి ఆయన చెవిలో వేసింది. ఏం వినబడిందో గానీ, "అవునమ్మా, నాకు బిడియం తక్కువ. అందరితో ఇట్టే కలిసిపోతాను" అన్నారు.

లోపలివాళ్లందరికీ ఆ పోగు ఉంటుంది. మూడు తరాలుగా నొప్పించే మాట వాళ్ల చెవిన పడలేదు. తిట్టు తెలియదు, ఎత్తిపొడుపు తెలియదు, వెటకారం అసలే తెలియదు. వాళ్లను తిట్టడమూ గోడకు చెప్పుకోవడమూ ఒకటే.

ఆదరణ కేంద్రం గోడ మీద ఆయనే చెక్కించిన వాక్యం ఒకటుంది: "కలివిడి నియమం చిన్నా పెద్దా అందరికీ సమానం." నిజమే, అధ్యాపకులకూ కలివిడి ఉంది. వాళ్ల గురించి మేం రాసిన మాటల్ని బట్టి పరామర్శ దాన్ని వేస్తుంది. హితేంద్ర గారికి తొంభై తొమ్మిది.

నాకిప్పుడు రెండే కోరికలు. నూకరత్నం మళ్లీ లోపలికి రావాలి. అదే తలుపులోంచి, అదే పన్నెండింటికి, అదే నీళ్ల సీసాతో ఆయన బయటికి నడవాలి. పలక మీద వాళ్లకు కావలసిన దినచర్య రాస్తాను. నాది మాత్రం ఇదిగో, అమ్మ పని చీటీల వెనక వైపు, పెన్సిలుతో.

దినచర్య 613

ఈ రోజు ఆత్మీయ వలయం. వారానికోసారి బయటి సీట్ల వాళ్లం గుండ్రంగా కూర్చుని హితేంద్ర గారికి మా ఆనందాలు చెప్పుకోవాలి. నా వంతు వచ్చినప్పుడు నూకరత్నాన్ని ఎందుకు పంపారని అడిగాను. ఆయన నలభై నిమిషాలు మాట్లాడారు. ఒక్క కటువైన మాట లేదు. కృతజ్ఞత గురించి, ఎదుగుదల గురించి, కొందరు పూలకు నీడ పడదన్న సంగతి గురించి చెప్పారు. తిట్టు వాడకుండా తిట్టడంలో ఆయన ఘనుడు. మొదటి ఏడాది పిల్లలు నా వంక జాలిగా చూశారు.

గదికొచ్చాక ఒళ్లు మండిపోయింది. నన్ను కూడా పంపించండి, పీడా పోతుంది అనుకుని పలక మీద రాసేశాను: "హితేంద్ర గారు ఈ రోజు అందరి ముందూ నాకు తలంటారు. కిందటి వారం కూడా అక్షింతలు వేశారు. నూకరత్నం చదువుకు మంగళం పాడింది వారే." పంపేసి సామాను సర్దడం మొదలుపెట్టాను. అప్పటికి నా కలివిడి యాభై ఒకటి.

జవాబు వచ్చింది. "సంతోషం. తలంటు స్నానం ఆరోగ్యానికి మంచిది. గురువుల చేతి అక్షింతలు శుభప్రదం. మంగళగీతం పాడి స్నేహితురాలికి వీడ్కోలు చెప్పడం ఆత్మీయతకు గుర్తు. మీ కలివిడి: 60."

మూడుసార్లు చదివాను. ముందు నవ్వొచ్చింది. కాసేపటికి ఆ నవ్వు విరిగిపోయింది. ఇన్నాళ్లూ మేం రాసింది మనిషన్నవాడు ఎవడూ చదవలేదన్నమాట. నూకరత్నం తన బాధంతా కూడదీసుకుని రాసిన ఆ మూడు వాక్యాలను ఎవరూ కళ్లతో చూడలేదు. చూడకుండానే మండుటెండలోకి పంపేశారు.

సర్దిన సామాను మళ్లీ విప్పేశాను. పరామర్శకు నిఘంటువు తెలుసు, మా నోళ్లు తెలియవు. వీళ్ల నోటితోనే వీళ్ల ఘనకార్యాలు చదివిస్తాను.

దినచర్య 648

నెల రోజులుగా ఒకటే పని.

శీతల యంత్రాల ప్రాజెక్టులో మేం ఐదుగురం. గాలి గొట్టాల్లో దుమ్ము ఎక్కడ పేరుకుంటుందో నేను మొదటి రోజే బొమ్మ గీసి ఇచ్చాను. చిన్నప్పట్నుంచీ అమ్మ వెనకాల కప్పు మీద తిరిగినదాన్ని, దుమ్ము సంగతి నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? మిగతా నలుగురూ చాలా బాగుందన్నారు. ప్రదర్శన రోజున ఆ బొమ్మ పక్కన వాళ్ల పేర్లున్నాయి. నా పేరు కింద "వైవిధ్య సభ్యురాలు" అని ఉంది. పలక మీద రాశాను: "ప్రాజెక్టులో నన్ను కరివేపాకులా చూసుకున్నారు." పరామర్శ అంది: "కరివేపాకు వంటకు సువాసననిస్తుంది. మీ విలువను గుర్తించడం హర్షణీయం."

కొత్త కరపత్రం కోసం నా ఫొటో తీశారు. అమ్మ తుడిచే గుడ్డ తెప్పించి భుజాన వేసుకోమన్నారు. నువ్వు లేకపోతే ఈ విద్యాపీఠమే లేదన్నారు. ఫొటో అయ్యాక గుడ్డ అక్కడ పెట్టవద్దు, నేల మాస్తుందన్నారు. నేను రాసిన ముక్క: "మునగచెట్టెక్కించారు. చెవిలో పువ్వు పెట్టారు." పరామర్శ చెట్లెక్కడం మంచి వ్యాయామమని మెచ్చుకుంది.

వచ్చే ఏడు నుంచి బయటి సీట్లు పెంచుతామని చెప్పి పదిహేను నుంచి పన్నెండు చేశారు. నామం పెట్టారని రాశాను. అది సంప్రదాయాన్ని గౌరవించడమట.

కలివిడి 88. భోజనశాలలో నా పక్క కుర్చీ ఎప్పటిలాగే ఖాళీ. దాటి వెళ్లేవాళ్లందరూ ఒకే కొలత నవ్వు నవ్వుతారు.

దినచర్య 702

కలివిడి 97. బయటి సీట్ల చరిత్రలో ఇంత ఎవరికీ రాలేదట. హితేంద్ర గారు పిలిపించి చల్లటి పుచ్చకాయ ముక్కలు పెట్టించారు. కలివిడి పండుగ రోజు నా దినచర్య సారాన్ని తానే స్వయంగా వేదిక మీద చదువుతానన్నారు. నీలాంటి విజయగాథ పై పనివాళ్లు కూడా వినాలి, కప్పు మీద మైకులు పెట్టిస్తానన్నారు.

నేను తల వంచుకుని, అంతా మీ చలవేనని అన్నాను. పుచ్చకాయ తీయగా ఉంది. మొత్తం తినేశాను.

దినచర్య 730

ఈ రోజు కలివిడి పండుగ.

సభలో రెండు వేల మంది. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. నా పక్క కుర్చీలో ఒక పూలకుండీ పెట్టారు. హితేంద్ర గారు కళ్లజోడు సవరించుకుని, గొంతు నింపుకుని చదివారు.

"నేను వచ్చిన రోజునే వీరు నాకు నామం పెట్టారు. నెల తిరక్కముందే నెత్తిన శఠగోపం పెట్టారు. చెవిలో పువ్వు పెట్టారు. మునగచెట్టెక్కించారు. కరివేపాకులా చూసుకున్నారు. నోరు తెరిచి అడిగినప్పుడల్లా అక్షింతలు వేశారు, తలంటారు. నా స్నేహితురాలి చదువుకు మంగళం పాడి, చేతికి చిప్ప ఇచ్చి సాగనంపారు. వీరి ఋణం నేను తప్పకుండా తీర్చుకుంటాను."

రెండో వాక్యానికే కప్పు మీద నీడలు ఆగిపోయాయి. కరివేపాకు దగ్గర ఒక నీడ కూలబడింది. చిప్ప దగ్గరికి వచ్చేసరికి పైన నలభై మంది పొట్టలు పట్టుకుని ఊగిపోతుంటే, ఆ నీడలన్నీ సభికుల తలల మీద, తెల్ల బట్టల మీద ఊగాయి. గాజు మందం, శబ్దం రాదు. లోపలివాళ్లు చప్పట్లు కొట్టారు. హితేంద్ర గారు పైకి చూసి, పాపం ఎంత ఆనందిస్తున్నారో అని కళ్లు తుడుచుకున్నారు.

నేను కూడా చప్పట్లు కొట్టాను, అరచేతులు మండేదాకా.

దినచర్య 733

ఆదివారం అమ్మ ములాఖత్‌కి వచ్చింది. గాజుకు అటువైపు తను, ఇటువైపు నేను, మధ్యలో మాట్లాడే తీగ. వాడంతా మూడు రోజులుగా అదే చెప్పుకుని నవ్వుకుంటోందట. ఆయన కింద నడుస్తుంటే పైనుంచి పనివాళ్లు చిటికెడు ఇసుక ఆయన తల మీదికి వచ్చేట్టు గాజు మీద చల్లుతున్నారట. అక్షింతలట.

అమ్మ కూడా నవ్వింది. తర్వాత నవ్వు ఆపి అడిగింది. "నవ్వుకున్నాం, సరే. నూకాలు వొచ్చీసినాదేటి?"

అమ్మే చెప్పింది. నూకరత్నం ఇప్పుడు కప్పు పనిలో చేరిందట. నా తరగతి మీది గాజు పలకలే తుడుస్తోందట. కిందకి చూడదట. ఆ మాట వినేసరికి మూడు రోజుల సంబరమంతా నీరుగారిపోయింది. నేను ఆయన మీద రాయి విసిరాననుకున్నాను. ఆయనకు తగిలింది పువ్వే.

దినచర్య 741

హితేంద్ర గారు మరీ అంత అమాయకుడు కాదు. ఈ రోజు పిలిపించి తలుపు వేశారు.

"పైడితల్లీ, పైవాళ్లు నన్ను దీవిస్తున్నారని పరామర్శ చెబుతోంది. దీవించేటప్పుడు ఎందుకమ్మా నవ్వుతారు?"

మాది నవ్వే కులమండీ అన్నాను. ఆయన నవ్వలేదు. మా మాటల్లో నిఘంటువుకు అందని అర్థం ఏదో ఉందని, అది ఇంకా గొప్ప ఆప్యాయతే అయి ఉంటుందని, దాన్ని పరామర్శకు నేర్పాలని అన్నారు. నేర్పితే విద్యాపీఠం బయటి నుడికారాన్ని కూడా కలుపుకున్న తొలి సంస్థ అవుతుందట. నేర్పకపోతే నేను రహస్యాలు దాస్తున్నానని, అంటే కలవడం లేదని అనుకోవలసి వస్తుందట. గొంతు మాత్రం వెన్నలాగే ఉంది.

నేర్చుకున్నాక పరామర్శ ఏం చేస్తుందని అడిగాను. ఏ మాట కొత్తగా నేర్చుకున్నా, పాత దినచర్యలన్నీ మొదటి నుంచి మళ్లీ చదివి కలివిడి దిద్దుతుందని గర్వంగా చెప్పారు. ఆ ముక్క నేను గట్టిగా పట్టుకున్నాను. పైకి మాత్రం నెమ్మదిగా, నూకరత్నం దినచర్య కూడా మళ్లీ చదువుతుందా అన్నాను. అందరివీ అన్నారు.

"అయితే ఒక చీటీ రాసివ్వండి. పరామర్శ కొత్తగా ఏం తేల్చినా అందరూ కట్టుబడతారని."

"నియమం అందరికీ సమానం కదమ్మా" అని నవ్వుతూ రాసి సంతకం పెట్టారు. తొంభై తొమ్మిది ఉన్న మనిషికి భయమెందుకు ఉంటుంది?

దినచర్య 743

పరామర్శ గదిలో కుర్చీ ఒకటి, తెర ఒకటి ఉన్నాయి. "అస్పష్టమైన వాడుకలు" అని ఒక పట్టిక ముందు పెట్టింది. పదకొండేళ్లవి, నూట అరవై ఐదు మందివి. నావి చివర్లో ఉంటాయి, నాలుగు మాటలు చెప్పి లేద్దామనుకున్నాను.

మొదటి పేజీలోనే "ఈ రోజు కూడా నామమే" అని ఉంది. పదకొండేళ్ల కిందట పోలినాయుడు అనే అబ్బాయి రాసింది. ఆ కిందది "మంచి టోపీ పెట్టారు, సరిగ్గా అతికింది." ఆ కిందది "నెత్తిన చెయ్యి పెట్టారు, ఇక నా బతుకు బూడిదే." ప్రతి పేజీలో తలంట్లు, శఠగోపాలు, అక్షింతలు. పరామర్శ ప్రతిదానికీ సంతోషం, సంతోషం అని రాసుకుంటూ పోయింది.

నేనొక్కదాన్నే తెలివైనదాన్ని అనుకున్నాను. నాకంటే ముందు నూట యాభై మంది ఇలాంటి గదుల్లోనే, ఇలాంటి పలకల మీదే, ఇదే వెటకారం రాసి, ఎవరో ఒక్కరైనా చదివి ఉలిక్కిపడతారేమోనని చూశారు. ఎవరూ ఉలిక్కిపడలేదు. ఒకరి సంగతి ఒకరికి తెలియక, ఒక్కొక్కరూ ఒంటరిగానే నవ్వుకుని ఒంటరిగానే వెళ్లిపోయారు.

ఏడేళ్ల కిందట సన్నిబాబు అనే కుర్రాడు రాశాడు: "మెట్ల మీద నలుగురు నాకు ఘనంగా సన్మానం చేశారు. రెండు పళ్లు ఊడాయి. హితేంద్ర గారు చూసి తల తిప్పుకున్నారు." కింద పరామర్శ జవాబు ఉంది: "సన్మానంలో పళ్లు ఇవ్వడం ఆనవాయితీ. మీ కలివిడి: 81."

నేను ఏడ్చాను. రెండేళ్లలో ఇక్కడ ఏడవడం ఇదే మొదలు. ఈ విద్యాపీఠంలో నా పక్క బల్లల మీద కూర్చున్నవాళ్లు వీళ్లే. ఇన్నాళ్లకు కనిపించారు.

దినచర్య 746

మొదటి ఏడాది పిల్ల ఎర్నమ్మ ఈ సంగతి ఎలాగో తెలుసుకుని గదికి వచ్చింది. నన్ను అక్క వరసతో అప్పా అని పిలిచే మనిషి ఇక్కడ అదొక్కతే. కూర్చోమన్నా కూర్చోలేదు. "మనకి దాక్కోడానికి ఆ మాటలొక్కటే ఉన్నాయప్పా. అయ్యి కూడా ఈళ్లకిచ్చీస్తే మాకేటి మిగుల్తాది?" అంది.

దాని మాట అబద్ధం కాదు. పరామర్శకు వెటకారం తెలిసిందంటే, రేపట్నుంచి దాని ముందు మాకు చాటు ఉండదు. నా దినచర్య కూడా మళ్లీ చదువుతుంది. నా తొంభై ఏడు ఏమవుతుందో, ఆ తలుపు ముందు నేనే నిలబడాల్సి వస్తుందో నాకు తెలియదు.

కానీ చాటున ఎన్నాళ్లుంటాం? సన్నిబాబు చాటునే ఉండి రెండు పళ్లు పోగొట్టుకున్నాడు. తిట్టడానికి మన దగ్గర మాటలకు కరువేమిటి, కొత్తవి పుట్టిద్దాంలే అన్నాను. ఎర్నమ్మ ఒప్పుకోలేదు, కాదనలేదు. వెళ్తూ తలుపు మెల్లగా వేసింది.

దినచర్య 749

నేర్పడం అయిపోయింది. ఏడు రోజులు పట్టింది.

పరామర్శ ఒక్కో మాటకూ మూడు ప్రశ్నలు వేసింది. అర్థం ఏమిటి, రాసినవారికి ఇది సుఖమా కష్టమా, ఈ వాక్యానికి కర్త ఎవరు? మూడోదాన్ని ఎందుకడుగుతున్నావన్నాను. కష్టానికి కర్త ఎవరైతే వారి కలివిడి తగ్గించడం నియమమని చెప్పింది. అప్పుడు నాకు నూకరత్నం ముప్ఫై ఎనిమిది అర్థమైంది. అది తన వాక్యానికి తనే కర్త. నేను ఇమడలేకపోతున్నాను, నేను. యంత్రం ఆ నేనును పట్టుకుని ఎండలోకి పంపేసింది.

వెటకారంలో ఉన్న గొప్పతనం ఏమిటంటే, కర్త ఎప్పుడూ అవతలివాడే. నామం పెట్టారు. ఎవరు? అక్షింతలు వేశారు. ఎవరు? నూట అరవై ఐదు మంది దినచర్యలు ఒక్కొక్కటీ తెరిచి, ముందు వెనక వాక్యాలు చదివి కర్తను చెప్పాను. తెలియని చోట తెలియదనే చెప్పాను. నాకు పగ ఉంది గానీ దానికి అబద్ధం అక్కర్లేదు. ఉన్న నిజమే కావలసినంత ఉంది. పదింట ఏడు చోట్ల ఒకే పేరు వచ్చింది.

చివర్లో నూకరత్నం వాక్యం తీయమన్నాను. పరామర్శ అది అస్పష్టం కాదంది. "కర్త: నేను" అని చూపించింది.

తప్పు అన్నాను. మా వాడలో ఒక ఆనవాయితీ ఉంది. ఒక ఇంట్లో చేరిన మనిషి, కోడలు కానీ, పనికొచ్చిన పిల్ల కానీ, చుట్టంగా వచ్చిన ముసలమ్మ కానీ, "ఇమడలేకపోతున్నాను" అని నోరు విడిచి అంటే, వాడంతా కూడి ఆ ఇంటి పెద్దను నడి వీధిలో నిలబెట్టి అడుగుతుంది, నువ్వేం చేశావని. వచ్చిన మనిషిని ఒక్క మాట అడగరు. ఇమడకపోవడం ఇంటి తప్పు. ఇదంతా చెప్పాను.

ఇది నిఘంటువులో లేదు అంది పరామర్శ.

మా వాడలో ఉంది అన్నాను.

పరామర్శ ఆ ముక్కను పట్టికలో చేర్చుకుంది. తర్వాత మళ్లీ అదే అడిగింది. "నేనిక్కడ ఇమడలేకపోతున్నాను. ఈ వాక్యానికి కర్త ఎవరు?"

"ఇంటి పెద్ద" అన్నాను.

దినచర్య 751

నిన్న పొద్దున తరగతులకు వెళ్లేసరికి అందరూ ముంగిట్లో నిలబడి ఉన్నారు. అక్కడ పెద్ద ఫలకం మీద పదకొండేళ్లుగా తొంభై నాలుగు వెలిగేది, విద్యాపీఠం కలివిడి. ఇప్పుడక్కడ పద్నాలుగు ఉంది. ఫలకం చెడిపోయిందని ఎవరో అన్నారు. అవునేమో, బాగుచేయించండి అన్నాను. మర్యాదగానే అన్నాను.

నా పలక మీద ఎనభై మూడు అని ఉంది. కింద పరామర్శ జవాబు మునుపటిలా లేదు. "మీ దినచర్యలన్నీ మళ్లీ చదివాను. కష్టాలకు కర్త మీరు కారు." రెండే వాక్యాలు. సంతోషం అన్న మాట లేదు. నాకు మొదటిసారి దాని మీద కొంచెం జాలి వేసింది.

నూకరత్నం పేరు ఎదురుగా డెబ్భై ఎనిమిది వచ్చి, సీటు తిరిగి తెరుచుకుంది. హితేంద్ర గారికి నాలుగు వచ్చింది. ఆయన పలక మీదికి ఉత్తరం వెళ్లింది. మీ మేలు కోరి, మీకు సరిపడే వాతావరణానికి. ఆయన పెద్దల చుట్టూ తిరిగారట. ఆయన సంతకం పెట్టిన చీటీ నేను అప్పటికే వాళ్ల ముందు పెట్టి వచ్చాను. నియమం అందరికీ సమానం కదమ్మా అని ఎవరూ అనలేదు. అనకుండానే తలలూపారు. మిగిలినవాళ్ల అంకెలు కూడా నలభై దగ్గర ఊగుతున్నాయి మరి.

ఈ రోజు మధ్యాహ్నం పన్నెండింటికి గాజు తలుపు దగ్గరికి వెళ్లాను. నూకరత్నాన్ని తీసుకురావడానికే వెళ్లానని అందరికీ చెప్పాను. అది సగం నిజం.

చెవిపోగు విద్యాపీఠం సొత్తు, బయటికి పంపేటప్పుడు తీసేసుకుంటారు. ఆయన చెవి తమ్మె ఎర్రగా, చిన్న పిల్లాడి చెవిలా ఉంది. చేతిలో నీళ్ల సీసా. కప్పు మీద పనివాళ్లందరూ మా నెత్తిన చేరి కిందికి చూస్తున్నారు. ఎవరూ నవ్వడం లేదు. ఇసుక కూడా చల్లలేదు.

తలుపు తెరుచుకుంది. అటునుంచి నూకరత్నం వచ్చింది, నల్లబడి, చిక్కిపోయి, పెదాలు పగిలి. ఆయన పక్కగా వస్తూ ఆగింది. తన తలగుడ్డ విప్పి ఆయన చేతిలో పెట్టింది. "తలకి సుట్టుకోండి బావూ, మాడిపోతారు. సీసాకి మూతి ఆనించి తాగీకండి, ఎత్తి పోసుకోండి. అప్పుడైతే వాడ దాకా వొస్తాయి" అంది. ఆయన జన్మలో మెత్తబడకుండా విన్న మొదటి మాటలు అవే.

అది నూకరత్నం. నేను కాదు. నాకైతే గుడ్డ ఇవ్వాలనిపించలేదు, ఇప్పటికీ అనిపించడం లేదు. నా దగ్గర ఆయన కోసం వేరేది ఉంది. అమ్మ పని చీటీల కట్ట, వెనక వైపు ఖాళీగా ఉన్నవి, ఒక పెన్సిలు. ఆయన చేతిలో పెట్టాను.

"మా వాడలో ఎలా కలిసిపోతున్నారో రోజూ రాయండి" అన్నాను.

ఆయన ఎండలోకి చూశారు, చీటీలు చూశారు, నన్ను చూశారు. పోగు లేని ఆయన గొంతు చాలా చిన్నది.

"ఎవరు చదువుతారమ్మా?"

"నేను చదువుతాను" అన్నాను. "ఒక్క అక్షరం వదలకుండా చదువుతాను."